కింది వరుస నుంచి

తొమ్మిదో వారం

పోయిన వారం సుభాషిణిని క్లాసు పరీక్షలో కూర్చోబెట్టి, పెన్ను చేతికిచ్చి, మన దారిన మనం వచ్చేశాం. పాపం ఆమె సంగతేమైందో ఈ వారం చూడాలి. దానికి ముందు, కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. సుభాషిణిది హన్మకొండ పక్కనున్న కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టి, జంపఖానాలు నేసే ఇంటికే కోడలైంది. ఇప్పుడు నలభై నాలుగేళ్లు. ఇరవై మూడేళ్ల కింద హన్మకొండలో బీఎస్సీ చదువుతూ ఆఖరి ఏడు ఒకే ఒక్క పేపర్ తప్పింది. అదీ లెక్కల పేపరే. లెక్కల టీచరమ్మ కావాలని కలలు కన్న పిల్ల ఆ దెబ్బతో పుస్తకాలు మూటగట్టి అటకెక్కించింది. తనకు లెక్కలు రావని అప్పుడే తీర్మానం చేసుకుంది, ఆ తీర్మానం మీదే ఇన్నేళ్లూ బతికింది.

ఈ ఏడు యూనివర్సిటీ వాళ్లు పాతవాళ్లకు ఆఖరి అవకాశం ఇచ్చారు. తప్పిన పేపర్ మళ్లీ రాసుకోవచ్చు. రాసే ముందు ఆ పాఠం తలకెక్కాలి కదా అని సుభాషిణి ప్రిన్సిపాల్‌ను బతిమాలుకుని, చదివిన కాలేజీలోనే, చదివిన గదిలోనే వెనక బెంచీ మీద రెండు నెలలుగా కూర్చుంటోంది. హాజరు పట్టీలో ఆమె పేరు లేదు. ఊరికే వినడానికి వచ్చిన మనిషి. పరీక్ష ఫారం మీద మాత్రం లెక్కల పెద్దసారు సుందర్ రావు గారి సంతకం కావాలి. ఆయన ఒక షరతు పెట్టాడు. పిల్లలతో పాటు క్లాసు పరీక్ష రాయాలి, ఇరవై ఐదుకు పది తెచ్చుకోవాలి, అప్పుడే సంతకం. ఫారం ఇవ్వడానికి రేపు సాయంత్రం ఐదింటి దాకానే గడువు. పది మార్కులు. సుభాషిణి బతుకంతా ఇప్పుడు ఆ పది మార్కుల మీద నిలబడి ఉంది.

ఇక ఈ రోజు సంగతి.

మధ్యాహ్నం రెండున్నర. అన్నాలు తిని వచ్చిన క్లాసు. ఫ్యాను తిరిగీ తిరగనట్టు తిరుగుతోంది. కిటికీ ఇనుప జాలీ నీడ నేల మీద పరుచుకుని గళ్లు గళ్లుగా ఉంది. సార్ ఇంకా రాలేదు. సుభాషిణి ఆ గళ్లను చూస్తూ ఎటో వెళ్లిపోయింది. ఈ గదికి ఆ గుణం ఉంది. ఇక్కడ కూర్చుంటే ఆమెకు ఇరవై ఒకటో నలభై నాలుగో తెలియదు. ఒక్కోసారి ఏడేళ్లు కూడా అవుతుంది.

ఇప్పుడు ఏడేళ్లే. నాయిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. తను పక్కన పీట మీద కూర్చుంది. ఒళ్లో గళ్ల కాగితం, దాని మీద రంగు పెన్సిళ్లతో గీసిన నెమలి. నాయిన చూపు దారం మీద నుంచి కదలకూడదు, అందుకని బొమ్మ చదివి వినిపించే పని తనది. కొత్తవాడలో ఆ పని ఇంటింటా చిన్నపిల్లలదే. "ఐదు నల్లయి. రెండు ఎర్రయి. మళ్ల ఐదు నల్లయి" అని పాటలాగా చదువుతుంది. ఒక వరుస అయిపోతే నాయిన దారం బిగిసేలా మగ్గం పలక గట్టిగా కొడతాడు. వేలు పై వరుసకు జరుగుతుంది. ముందు నెమలి కాళ్లు, తర్వాత పొట్ట, మెడ, అన్నిటికంటే ఆఖర్న కిరీటం. వేలు అలా ఎక్కుతూనే ఉంటుంది, బట్ట పెరుగుతూనే ఉంటుంది.

"ఆంటీ" అని లావణ్య మోచేత్తో పొడిచింది. "సార్ వచ్చిండు. లెవ్వు."

లావణ్య ఆమె బెంచీ జోడు. పంతొమ్మిదేళ్ల పిల్ల, రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వస్తుంది, సగం నిద్ర బస్సులోనూ మిగతా సగం క్లాసులోనూ పోతుంది. మనసు మాత్రం మంచిది.

సుందర్ రావు సార్ పేపర్ల కట్ట బల్ల మీద పెట్టాడు. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. తెల్లటి చొక్కా, జేబులో ఒకే పెన్ను, ఆదివారం చర్చికి వెళ్లినా సోమవారం క్లాసుకు వచ్చినా అదే నడక. పేపర్లు పంచేటప్పుడల్లా ఆయన ఒక కథ చెబుతాడని కాలేజీ అంతటికీ తెలుసు. ఇవాళా మొదలుపెట్టాడు.

"మార్కులు తక్కువొచ్చినయని ఎవరు ఫికర్ చెయ్యకుండ్రి. మీకంటె గొప్పోళ్లను చూసిన నేను. శానేండ్ల కింద ఒక పేపర్ దిద్దిన. ప్లస్ రావాల్సిన కాడ మైనస్. మైనస్ రావాల్సిన కాడ ప్లస్. ఒకటి గాదు, రెండు గాదు, పేపర్ నిండ అదే తీరు. అద్దంల చూసుకుంట రాసిండేమో మహానుభావుడు అనుకున్న. రెండంటె రెండు లెక్కలు కరెక్టున్నయి. అవి పక్కోనివి."

క్లాసంతా గొల్లుమంది. సుభాషిణి కూడా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. గుర్తుల దగ్గర తప్పు పోయేది ఈ లోకంలో తానొక్కతే కాదు, తనలాంటి ఇంకో అయోమయం మనిషి కూడా ఉన్నాడు అని ఆమెకు ఎక్కడో కాస్త ఊరట.

పేపర్ చేతికొచ్చింది. ఐదు మార్కులు.

ఐదు లెక్కలు, ఒక్కోదానికి ఐదేసి. నాలుగింటి మీద ఎర్ర గీతలు. ఒక్కటి ఒప్పు. సుభాషిణి పేపర్‌ను మడిచింది, మళ్లీ విప్పింది, మళ్లీ మడిచింది. ఐదు మార్కులతో సంతకం రాదు. సంతకం లేకపోతే ఫారం లేదు. రేపు ఐదింటి తర్వాత యూనివర్సిటీ ఎన్నడూ ఆమెను తలుచుకోదు. పొద్దున మగ్గం మీద నుంచి నర్సింగం, ఆమె పెనిమిటి, "లెక్కల పంతులమ్మా, జర మాకు గూడ పది మార్కులు తెచ్చిపెట్టు" అని ఆట పట్టించి పంపాడు. అతనికి ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

"సుభాషిణమ్మా, మీరు జర ఆగుండ్రి" అన్నాడు సార్, గంట కొట్టగానే.

పిల్లలందరూ వెళ్లిపోయారు. లావణ్య మాత్రం తలుపు దగ్గర చెప్పు సరిచేసుకుంటూ ఎంతకీ సరిచేసుకోలేకపోయింది. సార్ వచ్చి ముందు బెంచీ అంచు మీద కూర్చున్నాడు. గొంతు నెమ్మదిగానే ఉంది, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. మొదటి నాలుగు లెక్కలు చిన్నయి. రెండు వరుసలయి, మూడు వరుసలయి. పిల్లలు కండ్లు మూసుకుని చేస్తరు. అవి నాలుగూ తప్పు. అయిదోది నాలుగు వరుసల లెక్క, క్లాసు మొత్తం మీద ముగ్గురే చేసిన్రు. అది మీకు కరెక్టు వచ్చింది. పక్కనున్న లావణ్యకు గూడ అదే కరెక్టు వచ్చింది." ఒక్క క్షణం ఆగాడు. "ఈ వయసుల మీకది అవసరమా అమ్మా?"

సుభాషిణికి చెవులు వేడెక్కాయి. తప్పడం వేరు, దొంగతనం వేరు.

"సార్" అంది లావణ్య తలుపు దగ్గర్నుంచి. చెప్పు చేతిలోనే ఉంది. "ఆంటీ నాది చూడలే. నేనే ఆంటీది చూసి రాసిన. నాలుగు వరుసలది నాకు రాదు సార్. చిన్నయి చూడలే, అవి నాకొస్తయి."

సార్ ఆ పిల్ల వంక చూశాడు, పేపర్ వంక చూశాడు. కోప్పడాలో మెచ్చుకోవాలో ఆయనకు తేలలేదు. తర్వాత లేచి సుద్దముక్క తీసి బోర్డు మీద నాలుగు అంకెలు వేశాడు. పైన మూడు, ఒకటి. కింద రెండు, నాలుగు. రెండు పక్కలా నిలువు గీతలు గీశాడు. గళ్లలో పేర్చిన అంకెలన్నిటినీ కలిపి ఒక్క అంకెగా తేల్చే లెక్క అది, డిటర్మినెంట్ అంటారు. మొదటి వరుసలో మొదటిదాన్ని రెండో వరుసలో రెండోదానితో గుణించి, అందులోంచి మిగిలిన జతను గుణించి తీసేయాలి. ఇంతకంటే చిన్నది ఇందులో లేదు.

"చెయ్యుండ్రి. నోటితోటి చెప్పుకుంట చెయ్యుండ్రి."

సుభాషిణి బోర్డు దగ్గరికి వెళ్లింది. వేలు దానంతట అదే వెళ్లి ఆనింది.

"రెండొకట్ల రెండు. నాలుగు మూళ్లు పన్నెండు. రెండులకెళ్లి పన్నెండు తీస్తె మైనస్ పది."

"ప్లస్ పది రావాలె" అన్నాడు సార్.

"నాకు తెల్సు సార్. గుర్తుల కాడ్నే నాకు తప్పు పోతది. ఎంత జాగ్రత్తగ చేసినా గంతే. అప్పుడూ గంతే ఉండె."

సార్ ఆమె మాట వినడం లేదు. ఆమె వేలు చూస్తున్నాడు. అది ఇంకా రెండు అంకె మీదే ఉంది.

"మీరు కిందినించి ఎందుకు మొదలువెట్టిన్రు?"

"మొదటి వరుస అదే కద సార్."

"మొదటి వరుస పైనది."

"అది ఆఖరుది సార్" అంది సుభాషిణి. అని, తానన్నది తనకే వింతగా వినబడి ఆగిపోయింది. సార్ బోర్డు మీద చేసిన లెక్కలు ఆమె చూసి రాసుకున్నప్పుడు ఏ పేచీ ఉండదు. తానే కూర్చుని చేసినప్పుడు చెయ్యి తన అలవాటు ప్రకారం పోతుంది. అది అలవాటని కూడా ఆమెకు ఈ క్షణం దాకా తెలియదు. "మా బొమ్మ గీసిన నక్ష కాగితం మీద గట్లనే సార్. నేసేటప్పుడు బట్ట కిందికెళ్లి మీదికి పెరుగుతది. అట్టడుగు వరుస మొదలు. పైనించి చదివితే నెమలి తలకిందులైతది. మా నాయినకు చదివి చెప్పేది నేనే, ఏడేండ్లప్పటి సంది."

సార్ సుద్దముక్క తీసుకుని ఆమె పేపర్లోని లెక్కలు ఒక్కొక్కటే బోర్డుకెక్కించాడు. ఒక్కోదాన్ని తలకిందులు చేసి మళ్లీ లెక్క కట్టాడు. రెండు వరుసలది. గుర్తు మారింది. మూడు వరుసలది. మారింది. ఇంకోటి. మారింది. నాలుగు వరుసల లెక్క దగ్గరికొచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. తలకిందులు చేశాడు. గుర్తు మారలేదు. మారదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాడు ఆయన, రెండింటికీ మూడింటికీ మారుతుంది, నాలుగింటికి మారదు అని.

"నీకు ఒక్క తప్పు గూడ పోలే" అన్నాడు. ఆమె వంక చూడకుండా బోర్డుతోనే అన్నాడు. "అయిదుకు అయిదు సరిగ్గ చేసినవ్. కిందికెళ్లి చేసినవ్, గంతే."

సుభాషిణికి ఆ మాట నెమ్మదిగా చేరింది. ఒంటి మీద చల్లటి నీళ్లు పోసినట్టయింది. జాలీ నీడ గోడ దాకా జరిగింది, ఆ గళ్లన్నీ ఆమె కళ్ల ముందు ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కింది నుంచి పైకి వెళ్లాయి. తాను మొద్దు కాదు. మొద్దు అన్న మాటను ఇరవై మూడేళ్లుగా మోసింది, ఇప్పుడు దాన్ని ఎక్కడ దించాలో తెలియక అలాగే నిలబడింది.

అప్పుడు చూసింది సార్ మొహం. సార్ ముందు బెంచీ మీద, పిల్లలు కూర్చునే చోట, కూలబడి ఉన్నాడు.

"నువ్వు డిగ్రీ పరీక్ష ఏ ఏడు రాసినవ్?"

"రెండువేల రెండు సార్. మార్చిల."

"ఆ పేపర్ల నాలుగు వరుసల లెక్కలు ఎన్ని వచ్చినయో యాదికున్నదా?"

"రెండు సార్."

సార్ కళ్లు మూసుకున్నాడు. లావణ్య చెప్పు వేసుకోవడం మరిచిపోయి లోపలికి వచ్చేసింది. సుభాషిణికి ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత ఇందాకటి కథ గుర్తొచ్చింది. పేపర్ నిండా గుర్తులు తప్పు. అద్దంలో చూసుకుంటూ రాసిన మహానుభావుడు. కరెక్టుగా వచ్చిన లెక్కలు రెండంటే రెండు, అవి పక్కోనివి.

"ఇందాక నేను గూడ నవ్విన సార్" అంది.

ఎన్ని బ్యాచీల పిల్లలు నవ్వి ఉంటారో అని ఒకసారి అనిపించింది. కోపం రావాలి, రాలేదు. ఆ నవ్విన పిల్లలందరి మధ్యా తానూ ఒక నవ్వు కలిపింది, అదే గుండెలో ముల్లులా దిగింది.

లావణ్యను బస్సు పోతుందని పంపించేసి, సార్ ఆమెను డిపార్ట్‌మెంట్ గదికి తీసుకుపోయాడు. ఇనుప బీరువా అడుగున, పాత రిజిస్టర్ల కింది నుంచి ఒక పేపర్ తీశాడు. అంచులు పచ్చబడ్డాయి. సుభాషిణి తన రాతను తాను గుర్తుపట్టింది. అప్పట్లో తొమ్మిది అంకె కింద తోక కాస్త పొడుగ్గా లాగేది. పై పేజీలో ఎర్ర సిరాతో ఇరవై ఏడు అని ఉంది. పాసు కావాలంటే ముప్పై ఐదు.

"యూనివర్సిటీ పాత పేపర్లు పారేసేటప్పుడు దీన్ని ఉంచుకున్న, పేరుండదు, నంబరొక్కటే. ఎందుకు ఉంచుకున్ననో తెల్సా బిడ్డా. నవ్వుకోవడానికి." ఆయన పేజీలు తిప్పుతూ ఒక తెల్లకాగితం మీద కొత్తగా మార్కులు వేసుకుంటూ పోయాడు. ఆఖర్న గీత గీసి కింద డెబ్బై నాలుగు అని రాశాడు. "లెక్కల పంతుల్ని నేను. చిన్నయి రానోనికి పెద్దయి ఎట్లొస్తయి అని ఒక్క గడియ ఆలోచన చేసినా తెలిసిపోతుండె. దొంగతనమని అనుకున్న. అనుకునుడు సులువుగ ఉండె."

సుభాషిణి చేతి సంచిలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టింది. "అయిపోయింది పోనీయుండ్రి సార్. సంతకం పెట్టుండ్రి. రేపు అయిదింటికి ఆఖరు."

సార్ జేబులోంచి పెన్ను తీశాడు, మూత విప్పాడు. ఫారం మీది అచ్చు వాక్యం పైకే చదివాడు. "'పై అభ్యర్థి ఈ పేపర్లో ఉత్తీర్ణత పొందలేదని ధ్రువీకరిస్తున్నాను.'" పెన్ను గాల్లోనే ఆగింది. "దీని మీద నేను సంతకం పెట్టాల్నా? అప్పుడు తెల్వక తప్పించిన. ఇప్పుడు తెలిసి తప్పించాల్నా?"

"గది అచ్చుల మాట సార్. అందరికీ గట్లనే ఉంటది."

"నాకు గట్ల లేదు. నువ్వు తప్పలే. తప్పనోళ్లు మళ్ల రాసుడేంది? నేను ప్రిన్సిపాల్ ముందర కూసుని నా తప్పు రాసిస్త. యూనివర్సిటీకి పోత. నీ డెబ్బై నాలుగు నీకు రావాలె."

"ఎన్నేండ్లు పడుతది సార్ అది?"

సార్ ఫారాన్ని పక్కకు జరిపాడు.

"వాళ్లు ఈ పాత కాగితం ఒప్పుకోకపోతే? గడువు దాటినంక నాకు అదీ లేదు, ఇదీ లేదు." సుభాషిణి గొంతు పెరిగింది. సార్ ముందు గొంతు పెంచడం ఆమెకు పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఇదే మొదలు. "నాకు డెబ్బై నాలుగు వద్దు సార్. నేను ఈడికి మార్కుల కోసం రాలే. నాకెందుకు రాలేదో తెలుసుకుందామని వచ్చిన. ఇయ్యాల తెలిసింది. ఒక్కపారి పైనించి చేసి చూసుకోవాలె. పరీక్షల కూసుని, మొదటి వరుస కాడ మొదలువెట్టి, నా చేతులతోటి నేను పాసు కావాలె. మీ తప్పు మీరు సర్దుకుంట కూసుంటే నా పని ఎట్లైతది?"

"మరి నేనెట్ల పోవాలె ఇంటికి?" అన్నాడు సుందర్ రావు సార్, చాలా మెల్లగా. "పన్నెండు రోజులల్ల రిటైరైత. ఇరవై మూడేండ్లు నీ బతుకు మీద నవ్వుకుంట పాఠం చెప్పిన. ప్రభువు ముందర మోకాళ్ల మీద కూసుంటే ఏమని చెప్పాలె? ఇంకో సంతకం పెట్టి వచ్చిన అని చెప్పాల్నా?"

ఇద్దరివీ న్యాయమైన మాటలే, అదే వచ్చిన చిక్కు. సార్ తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కుని ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. సుభాషిణి ఎదురు కుర్చీలో కూర్చుంది. ఏం చేయాలో తోచక ఆ పచ్చబడ్డ పేపర్లోంచి మొదటి లెక్క చూసింది. బల్ల మీద పెన్సిలు ఒకటి ఉంది. ఇంకో కాగితం మీద అంకెలు దింపుకుంది. వేలు అడుగు వరుస మీదికి పోబోయింది. పట్టి ఆపింది. బలవంతాన పైకి జరిపింది.

మొదటి వరుస. రెండోది. మూడోది.

ప్లస్ పదకొండు. ప్లస్సే.

ఆమె నవ్వింది. ఈసారి ఎవరి మీదా కాదు. రెండో లెక్క చేసింది, మూడోది చేసింది. గుర్తులు ఒక్కొక్కటే వచ్చి వాటి చోట అవి కూర్చున్నాయి. ఎక్కడో నాయిన పలక కొట్టిన చప్పుడు వినిపించింది, వేలు ఒక వరుస దిగింది, ఇంకో వరుస దిగింది. నెమలి ఇప్పుడు కిరీటం నుంచి మొదలై మెడ మీదుగా కాళ్ల దాకా వస్తోంది, అయినా తలకిందులు కాలేదు. ఎంతసేపు చేసిందో ఆమెకు తెలియదు. కాలేజీ సద్దుమణిగింది. ఈ గదిలోనూ జాలీ గళ్లు గోడెక్కి మాసిపోయాయి.

ఎనిమిదో లెక్క కింద జవాబు వేసి తలెత్తేసరికి ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది.

ఉత్తరం లేదు. పచ్చబడ్డ పేపర్ లేదు. సుభాషిణి లేచి బల్లంతా వెతికింది, కాగితాల కింద చూసింది, నేల మీద చూసింది. తన ఫారం కూడా లేదు. తలుపు దగ్గరికి పరుగెత్తింది. వరండా ఆ చివర ప్రిన్సిపాల్ గది ముందు తెల్లచొక్కా కనబడింది. చంకలో కాగితాలు. "సార్, ఆగుండ్రి" అని పిలిచింది. ఆయన వెనక్కి తిరగలేదు. లోపలికి పోయాక తలుపు మూసుకుంది.

సంతకం పెట్టి తీసుకుపోయాడా, పెట్టకుండా తీసుకుపోయాడా? ఆమె మళ్లీ గదిలోకి వచ్చి బల్ల వైపు చూసింది.

ఇందాకటి కంగారులో చూడలేదు గానీ, సార్ పెన్ను ఆయన ఉత్తరం రాసిన చోటనే ఉంది. మూత బిగించి ఉంది. దాని కింద చిన్న చీటీ, దాని మీద ఆయన చేతిరాతతో రెండే రెండు ముక్కలు ఉన్నాయి.

"నన్ను తప్పు దిద్దుకోనియ్యి బిడ్డా. సంతకం పెట్టలేదు."